తిరుపతి చలికి తాబేలును నిద్రపుచ్చకండి

కొన్నేళ్ళ కింద ఒక ధనుర్మాసంలో మా తాబేలు కూర్మయ్యను నా చేతులతో నేనే చంపుకున్నంత పని చేశాను. వాడు తిండి మానేశాడు. తొట్టిలో ఒక మూల ముడుచుకుని కదలకుండా ఉండేవాడు. నాకేమో బళ్ళో చదువుకున్న శీతాకాల సుప్తావస్థ, అంటే చలికాలమంతా తిండి లేకుండా నిద్రపోవడం, గుర్తొచ్చింది. ఫోన్లో వెతికితే ఇంగ్లండు వాళ్ళు ఎవరో రాసింది కనబడింది. అట్టపెట్టెలో గడ్డి పరిచి, తాబేలును అందులో పెట్టి, చల్లటి గదిలో ఎవరూ కదిలించకుండా ఉంచాలట. అట్లాగే చేశాను. కొత్త మిక్సీ వచ్చిన అట్టపెట్టె, పాలు పోసే వాళ్ళింటి నుంచి తెచ్చిన వరిగడ్డి, మెట్ల కింద స్టోరు గది. పన్నెండో రోజు మనసాగక తీసి చూస్తే కళ్ళు వాచిపోయి ఉన్నాయి, ముక్కు దగ్గర బుడగలు. నీళ్ళలో వదిలితే పడవ ఒరిగినట్టు ఒక పక్కకు ఒరిగి తేలాడు. అది నిద్ర కాదు, న్యుమోనియా.

డాక్టరుగారు నన్ను తిట్టలేదు. "ఇంట్లో థర్మామీటరు ఉందామ్మా?" అని మాత్రం అడిగారు. జ్వరం చూసేది ఉందన్నాను. ఆయన అడిగింది నీళ్ళ వేడి చూసేది.

వాడు బతికాడు. ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. ముందుకాళ్ళ గోళ్ళు పొట్టిగా, తోక సన్నగా ఉన్నాయంటే అది ఆడదట. అప్పటికే నాలుగేళ్ళుగా కూర్మయ్యా అని పిలుస్తున్నాం, ఇక పేరు మార్చలేదు. ఆ తరువాత ఏ చలికాలమూ వాడికి జబ్బు చెయ్యలేదు. నేను ఏమేం చేస్తానో వరసగా చెబుతాను.

ముందు మీ దగ్గరున్నది ఏ తాబేలో చూడండి

తెలుగులో అన్నింటినీ తాబేలు అనేస్తాం గానీ, చలికాలం వచ్చేసరికి ఏ జాతి అన్నదాన్ని బట్టే పని మారిపోతుంది.

చెవుల దగ్గర, అంటే కళ్ళ వెనక, ఎర్రటి పట్టీ ఉండి, పచ్చటి ఒంటితో, వేళ్ళ మధ్య పొరతో నీళ్ళలో ఈదేదైతే అది ఎర్రచెవుల తాబేలు. రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దగా ఉన్నప్పుడు అక్వేరియం షాపుల్లో అమ్మేది ఇదే. పుట్టిల్లు అమెరికా. పెరిగితే చిప్ప మూరలో సగం దాటుతుంది, బాగా చూసుకుంటే ఇరవై ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. ఈ రెండు సంగతులూ కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. మా కూర్మయ్య ఈ జాతే. ఇక్కడ నేను రాసేదంతా ముఖ్యంగా దీని గురించే.

చిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటే అది నక్షత్ర తాబేలు. మన రాయలసీమ తుప్పల్లో పుట్టి పెరిగే మెట్ట తాబేలు. దాన్ని ఇంట్లో ఉంచకూడదు. చలికాలమైనా, ఎండాకాలమైనా అంతే. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో నక్షత్ర తాబేలు అన్నింటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జాబితా అయిన మొదటి షెడ్యూలులోకి చేరింది. ఆ షెడ్యూలులోని జంతువుతో నేరం రుజువైతే మూడేళ్ళకు తగ్గని జైలు. పొలంలో దొరికిందనీ, ఇంట్లో ఉంటే కలిసొస్తుందనీ తెచ్చిపెట్టుకున్నవాళ్ళు మన చుట్టుపక్కల తక్కువేం కాదు. "శ్రీకూర్మం గుళ్ళో లేవా?" అని నాతో వాదించినవాళ్ళూ ఉన్నారు. గుడి వేరు, మన వరండా వేరు. దగ్గర్లోని అటవీశాఖ ఆఫీసుకు ఫోన్ చేసి అప్పగించేయండి. మీరే తీసుకెళ్ళి ఏ కొండ కిందో వదిలేస్తే దాన్ని తప్పుడు చోట వదిలినట్టూ అవుతుంది, ఇంట్లో అంటిన జబ్బును అడవికి పంపినట్టూ అవుతుంది. మన చెరువుల్లో, కాలువల్లో దొరికే తాబేళ్ళను తెచ్చి పెంచాలన్న ఆలోచన కూడా వద్దు.

ఇక మూడో రకం, ఆఫ్రికా నుంచి వచ్చిన సల్కాటా లాంటి విదేశీ మెట్ట తాబేళ్ళు. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైట్స్ జాబితాల్లో ఉన్న విదేశీ జాతులను పెంచేవాళ్ళు, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్రం వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయించుకోవాలి. సల్కాటా ఏ దేశంలో ఉన్నా శీతనిద్ర పోదు. దానికి కావలసింది రాత్రిపూట వెచ్చటి, పొడి గూడు. నవంబరు వానల్లో తడిసిన నేల మీద వదిలేయకపోతే చాలు, మిగతాది మన వాతావరణమే చూసుకుంటుంది.

మన ఊళ్ళో ఎందుకు నిద్రపోకూడదు

తాబేలు ఒంట్లో సొంత వేడి ఉండదు. చుట్టూ ఎంత వేడి ఉంటే ఒళ్ళూ అంతే. చలిదేశాల్లో 5 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి దాని గుండె, ఊపిరి, కడుపు అన్నీ దాదాపు ఆగినంతగా నెమ్మదిస్తాయి. అందుకే లోపల దాచుకున్న కొవ్వు నెలల తరబడి సరిపోతుంది.

తిరుపతిలో జనవరి తెల్లవారుజామున కూడా మామూలుగా 17, 18 డిగ్రీల దగ్గర ఆగుతుంది. పగలు మళ్ళీ 28, 29కి పోతుంది. ఇది చలికీ వేడికీ మధ్యన ఇరుక్కున్న బతుకు. పొయ్యి పూర్తిగా ఆరదు, అన్నం ఉడికేంత మంటా ఉండదు, కట్టెలు మాత్రం కాలిపోతూనే ఉంటాయి. కడుపులో ఉన్న తిండి అరగక కుళ్ళుతుంది. ఒంట్లో కొవ్వు ఖర్చవుతుంది. జబ్బును తట్టుకునే శక్తి పడిపోతుంది. పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు మెట్ట మీద చలి ఇంకాస్త ఎక్కువే గానీ అక్కడా నిద్రకు చాలేంత కాదు. హార్స్లీ హిల్స్ మీద ఇల్లు కట్టుకున్నా సరే, నా సలహా ఇదే.

నేను చేసింది రెండు తప్పులు. నీళ్ళలో ఉండాల్సినదాన్ని పన్నెండు రోజులు గడ్డిలో ఎండగట్టడం ఒకటి, తిన్నది అరగకముందే చలిలో పెట్టడం రెండోది.

చలి కన్నా ముందు ముసురు

మన దగ్గర అసలు కష్టం జనవరిలో మొదలు కాదు. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు చివర్లోనే మొదలవుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారంటే నాలుగైదు రోజులు సూర్యుడు కనబడడు. బయట 23 డిగ్రీలే కదా అని మనం ఒక దుప్పటితో సరిపెట్టుకుంటాం. తాబేలుకు ఎండ లేకపోతే ఒళ్ళు వేడెక్కదు, చిప్ప ఆరదు. తడి ఆరని చిప్ప మీద మెత్తటి మచ్చలు, వాసన మొదలవుతాయి. అందుకే దసరా సెలవుల్లోనే అన్నీ సిద్ధం చేసుకోండి. హీటరు ఒకసారి వేసి చూడండి, బల్బు మాడిందేమో చూడండి, తొట్టి మొత్తం కడగండి. ముసురు మొదలయ్యాక షాపుకు పరిగెత్తితే మీకు కావలసిన సైజు హీటరు దొరకదు. నాకు ఒకసారి అదే జరిగింది.

నీళ్ళ వేడి: పని అంతా ఇక్కడే

ముందు థర్మామీటరు కొనండి. నీళ్ళలో మునిగే గాజుది చాలు. చెయ్యి పెట్టి చూసి "గోరువెచ్చగానే ఉన్నాయి" అనుకోవడం పనికిరాదు. మన చెయ్యి పొద్దున ఒక మాట చెబుతుంది, మధ్యాహ్నం ఇంకో మాట చెబుతుంది. ఎర్రచెవుల తాబేలుకు నీళ్ళు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. పిల్లలకు, జబ్బుపడి కోలుకుంటున్నవాటికి 27, 28 దగ్గర ఉంచండి. తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి చూడండి. అదే రోజులో అడుగు లెక్క. నేను సుప్రభాతం పెట్టి, కాఫీకి పాలు పొయ్యి మీద ఎక్కించి, తొట్టి దగ్గరికి వెళ్తాను.

హీటరు లెక్క సుమారుగా లీటరు నీళ్ళకు ఒక వాటు. మా తొట్టిలో నీళ్ళు దాదాపు 100 లీటర్లు, అందుకని 100 వాట్ల హీటరు. వేడి చాలగానే తనంతట తాను ఆగే రకమే తీసుకోండి. కరెంటు బిల్లు గురించి మా ఆయన మొదట్లో గొణిగారు. 100 వాట్లది పది గంటలు ఆగకుండా వెలిగినా ఒక్క యూనిట్టే అని లెక్క చూపించాక ఊరుకున్నారు.

హీటరుతో నాలుగు జాగ్రత్తలు. దాని చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, లేకపోతే తాబేలు దాన్ని గుద్ది గాజు పగలగొడుతుంది, లేదా ఆనుకుని పడుకుని కాల్చుకుంటుంది. నీళ్ళు మార్చేటప్పుడు ముందు స్విచ్చు కట్టేసి, ప్లగ్గు పీకి, పది నిమిషాలు ఆగండి. వేడి గాజు గాలికి తగిలితే పగులుతుంది. తొట్టిలో చెయ్యి పెట్టే ప్రతిసారీ ప్లగ్గు పీకడం అలవాటు చేసుకోండి. ఇంట్లో ఎర్తింగు సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. నీళ్ళూ కరెంటూ ఒకచోట ఉన్నప్పుడు ధైర్యం పనికిరాదు.

తొట్టి గదిలో ఏ మూల ఉందన్నది కూడా చూడండి. కిటికీ కింద ఉంటే తెల్లవారుజాము గాలి నేరుగా తగులుతుంది. గచ్చు మీద నేరుగా పెట్టకండి, గచ్చు చల్లదనం కింది నుంచి లాగేస్తుంది. టీవీ డబ్బాలో వచ్చిన థర్మోకోల్ పలకలు ఉంటే పారేయకండి. ఒకటి కిందా, రెండు పక్కలకూ ఆనించండి. రాత్రి కరెంటు పోయినా రెండు మూడు గంటల వరకు పెద్దగా తేడా రాదు. ఇన్వర్టరుకు హీటరు తగిలించవచ్చు గానీ బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. నేనైతే వేడినీళ్ళు పోసి మూత బిగించిన సీసాలు రెండు తొట్టిలో తేలేస్తాను. వేడినీళ్ళు నేరుగా తొట్టిలో మాత్రం పోయకండి.

ఎండ, మెట్టు, దీపం

నీళ్ళు వెచ్చగా ఉంటే సగం పనే అయినట్టు. తాబేలు పైకెక్కి ఒళ్ళంతా ఆరబెట్టుకోవడానికి ఒక మెట్టు కావాలి. రెండు ఇటుకల మీద నాపరాయి ముక్క ఏటవాలుగా పెట్టండి. కడప రాయి గరుకు వైపు పైకి ఉంటే కాళ్ళు జారవు. రాయి కింద అది ఇరుక్కుపోయే సందు లేకుండా చూసుకోవాలి, ఇరుక్కుంటే పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక మునిగి చస్తుంది. ఆ రాయి మీద వేడి 30 నుంచి 32 డిగ్రీలు రావాలి. దానికి పైన ఒక హాలోజన్ బల్బు వేలాడదీయండి. ఎల్ఈడీ బల్బు వెలుతురే ఇస్తుంది, వేడి ఇవ్వదు. మా వదిన ఆ బల్బు పెట్టి "ఎక్కడం లేదు మీ తాబేలు" అని నా మీదే విసుక్కుంది.

చిప్ప గట్టిపడాలంటే ఎండలో ఉండే, కంటికి కనబడని యూవీబీ కిరణాలు కావాలి. దాని సాయంతోనే ఒళ్ళు డి విటమిన్ తయారు చేసుకుని కాల్షియాన్ని పట్టుకుంటుంది. రోజూ పది పన్నెండు గంటలు యూవీబీ ట్యూబ్ వేయండి. కొన్న తేదీని దాని చివర మార్కరుతో రాయండి. కంటికి వెలుగు కనిపిస్తున్నా, లోపలి యూవీబీ ఆరు నెలలు, ఏడాదికల్లా తగ్గిపోతుంది. డబ్బా మీద యూవీఏ అని మాత్రమే ఉంటే అది వేడికే తప్ప దీనికి పనికిరాదు.

అన్నింటికన్నా మంచిదీ, ఉచితమైనదీ మేడ మీది ఎండ. ముసురు లేని రోజు ఎనిమిదిన్నర తరువాత అరగంట. ప్లాస్టిక్ టబ్బులో చిప్ప సగం మునిగేలా నీళ్ళు పోసి, టబ్బులో సగానికి గోనెపట్ట కప్పి నీడ చేయండి. అద్దాల కిటికీ వెనక ఎండలో యూవీబీ ఉండదు, అద్దం ఆపేస్తుంది. గాజు తొట్టినే ఎండలో పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి, చలికాలంలో కూడా అది ఉడికే గిన్నె అవుతుంది. పక్కన మనిషి ఉండాలి. కాకులు, పిల్లులు ఎక్కడైనా ఉండేవే. అలిపిరి, కపిలతీర్థం వైపు ఉండేవాళ్ళకు కోతుల సంగతి నేను చెప్పక్కర్లేదు. మా ఎదురింటి మేడ మీద ఒక కోతి తాబేలును ఎత్తుకుని, తినాలో పారేయాలో తెలియక, అరగంట చేతిలో పెట్టుకుని తిప్పింది. చివరికి ఒక అరటిపండుకు మారకం జరిగింది.

తిండి ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు ఆపాలి

నీళ్ళు 24 దాటాకే తిండి పెట్టండి. 20 కిందికి పడిపోయిన రోజు పెట్టకండి, అడిగినా పెట్టకండి. పొద్దున పది ప్రాంతంలో పెడితే అరగడానికి పగటి వేడి మొత్తం దొరుకుతుంది. సాయంత్రం పెట్టిన తిండి రాత్రంతా కడుపులో అలాగే ఉంటుంది. పెద్దవాటికి గుళికల తిండి రోజు విడిచి రోజు దాని తలకాయంత పరిమాణంలో చాలు, ఆకులు రోజూ. పిల్లలకు మాత్రం గుళికలు రోజూ కావాలి.

మన మార్కెట్లో దొరికేవాటిలో మునగాకు, తురిమిన గుమ్మడి, క్యారెట్ మంచివి. పాలకూర అప్పుడప్పుడే, అందులోని ఆక్సాలేట్ కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఎండు రొయ్యలే తిండిగా పెంచేవాళ్ళ ఇళ్ళలో కళ్ళు వాచిన తాబేళ్ళు ఎక్కువ కనిపిస్తాయి, కారణం ఎ విటమిన్ లోపం. గుమ్మడి, క్యారెట్ ఆ లోటు తీరుస్తాయి. కాల్షియం కోసం ఆయుర్వేద మూలికల అంగట్లో సముద్రపు నురుగు అని అడగండి. అది కటిల్ చేప ఎముక. తెల్లగా, తేలికగా, పడవ ఆకారంలో ఇస్తారు. ముక్క విరిచి నీళ్ళలో వేస్తే తీరిక ఉన్నప్పుడు కొరుక్కుంటుంది.

కాటా మాట వినండి

తాబేలు చిక్కిపోయినా చిప్ప చిక్కదు. అందుకే మన కళ్ళకు తెలియదు. వంటింట్లో గ్రాములు చూపే డిజిటల్ కాటా మీద ఒక గిన్నె బోర్లించి, దాని మీద తాబేలును కూర్చోబెట్టండి. కాళ్ళు ఆనక గాల్లో కొట్టుకుంటుంటే అంకె నిలుస్తుంది. మేం ప్రతి శనివారం తూచి క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే రాస్తాం. పది గ్రాములు అటూ ఇటూ అయితే టెన్షన్ పడకండి, అది నీళ్ళు తాగినదో, పోసినదో. వరసగా మూడు వారాలు తగ్గుతూ పోతే ఆలోచించాలి. మొత్తం మీద పదో వంతు తగ్గితే ఆసుపత్రికే.

నిద్రా, జబ్బా

మంచి నీళ్ళ వేడిలో, 26 డిగ్రీల దగ్గర కూడా మందకొడిగా ఉంటే అది నిద్ర కాదు. ఈ కింది వాటిలో ఏది కనబడినా రేపటి దాకా ఆగకండి:

ముక్కు దగ్గర బుడగలు, చీమిడి, లేదా నోరు తెరిచి మెడ చాచి ఊపిరి పీల్చడం
నీళ్ళలో ఒక పక్కకు ఒరిగి తేలడం, మునగలేకపోవడం
కళ్ళు వాచి మూసుకుపోవడం
చిప్ప మీద వేలు పెడితే మెత్తగా తగలడం, వాసన రావడం
నీళ్ళు వెచ్చగా ఉన్నా వారం దాటి తినకపోవడం

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు చేయాల్సింది వెచ్చబెట్టడమే. లోతు నీళ్ళలో వదలకండి, నీరసంగా ఉన్నది మునిగిపోతుంది. గడ్డం దాకా మాత్రం వచ్చేలా 28 డిగ్రీల నీళ్ళు, చుట్టూ తువాలు. నోట్లో తిండి కుక్కకండి. పిల్లలకు వాడే జలుబు మందు, మిగిలిపోయిన యాంటీబయాటిక్ ఇవ్వకండి. ఇంకో మాట, గట్టిగా గుర్తుపెట్టుకోండి: కుక్కలకు, పశువులకు పురుగుల మందుగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేలుకు విషం. ఎవరు రాసినా ఆ పేరు కనబడితే "తాబేలుకు పనికొస్తుందాండీ" అని అడగండి.

తిరుపతిలో మనకున్న అదృష్టం పశువైద్య కళాశాల. 1955 నుంచి ఉన్నది. ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. అక్కడి ఆసుపత్రికి రైతులు ఆవులను, గొర్రెలను తోలుకొస్తుంటే నేను ప్లాస్టిక్ బుట్టలో తాబేలుతో వరుసలో నిలబడితే మొదట్లో సిగ్గేసేది. చిత్తూరు వైపు నుంచి తెచ్చేవాళ్ళు దారి పొడవునా బుట్టలో తడిబట్ట, పక్కన వేడినీళ్ళ సీసా పెట్టుకుని రండి. బైకు ముందు పెట్టుకుని చలిగాలిలో తేవద్దు. ఇంజెక్షన్లు అయిపోయే దాకా తొట్టి వేడి తగ్గనివ్వకండి. ఒళ్ళు చల్లగా ఉంటే మందు సరిగ్గా పని చేయదు.

చలికి బిగుసుకున్న తాబేలు చచ్చినట్టే కనబడుతుంది. కాలు లాగితే వెనక్కి తీసుకోదు. తొందరపడి పాతిపెట్టకండి. వెచ్చటి గదిలో పెట్టి, కొన్ని గంటలపాటు నెమ్మదిగా వేడి పెంచుతూ చూడండి.

తాబేలును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, ఆరోగ్యంగా ఉన్నదైనా సరే. దాని ఒంటి మీద మనకు విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా క్రిమి ఉండవచ్చు. తొట్టి సామాను వంటింటి సింకులో కడగకండి. ఐదేళ్ళ లోపు పిల్లలు ఇంట్లో ఉంటే ఇంకా జాగ్రత్త.

ఇంత చేయలేం, కోనేట్లోనో చెరువులోనో వదిలేద్దాం అనిపిస్తే, వద్దు. ఎర్రచెవుల తాబేలు ప్రపంచంలో అతి చెడ్డ వంద ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. మన చెరువు తాబేళ్ళ తిండీ, చోటూ లాక్కుంటుంది. పెంచగలిగే ఇంకొకరికి ఇవ్వండి.

నిజంగా నిద్రపుచ్చాల్సిన దేశాల్లో

ఇది అక్కడ ఉన్న మన వాళ్ళకు. మా చెల్లెలు బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. వాళ్ళు కొనుక్కున్న ఇంటి పాత యజమాని, వృద్ధాశ్రమానికి వెళ్తూ, తన హెర్మన్ తాబేలును కాగితాలతో సహా వీళ్ళకు అప్పగించింది. దక్షిణ ఐరోపా మెట్ట తాబేలు అది. దానికి శీతనిద్ర సహజం. మధ్య ఆసియాది హార్స్‌ఫీల్డ్ అని ఇంకో జాతి ఉంది, దానికీ అంతే. పేరు వింటే మన హార్స్లీ హిల్స్ గుర్తొస్తుంది గానీ సంబంధమేమీ లేదు. 1968లో సోవియట్ అంతరిక్ష నౌక జోండ్-5లో చంద్రుణ్ణి చుట్టి వచ్చిన తాబేళ్ళు ఆ జాతివే.

మా చెల్లెలు చేసే పద్ధతి ఫ్రిజ్‌ది. వినడానికి వింతగా ఉన్నా, ఇంగ్లండు షెడ్లలో చలి కన్నా ఫ్రిజ్ చలి నమ్మకమైనది, ఎక్కువతక్కువలు ఉండవు. ఆగస్టు చివర్లో డాక్టరుకు చూపిస్తుంది. బరువు తక్కువైనా, ఆ ఏడాది జబ్బు పడినా నిద్రపుచ్చదు, చలికాలమంతా దీపం కింద మెలకువగానే ఉంచుతుంది. అక్టోబరులో తిండి ఆపేస్తుంది. పెద్దదానికి మూడు నాలుగు వారాలు, చిన్నవాటికి పది పదిహేను రోజులు. కడుపు ఖాళీ కావాలి, కానీ ఒంట్లో నీళ్ళు నిండుగా ఉండాలి, అందుకని రోజూ గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు కూర్చోబెడుతుంది. దాంతోపాటే గది వేడి మెల్లమెల్లగా తగ్గిస్తుంది.

ఫ్రిజ్ వేరేది ఉండాలి, కూరగాయలది కాదు. రెండు వారాలు ముందు నుంచే వేసి, గరిష్ఠం కనిష్ఠం చూపే థర్మామీటరుతో పరీక్షించాలి. 5 డిగ్రీలు సరైనది. 3 కిందికి పోనివ్వకూడదు. సున్నా కిందికి పోయి గడ్డకట్టిందంటే కళ్ళు పోతాయి, బతకడమూ కష్టమే. 10కి చేరితే సగం లేచి కొవ్వు కరిగించుకుంటుంది. లోపల నీళ్ళ సీసాలు పెడితే వేడి ఒకేలా నిలుస్తుంది. తాబేలును చిల్లులున్న పెట్టెలో, పొడి మట్టిలోనో చించిన కాగితాల్లోనో పెట్టాలి. రోజూ ఒకసారి తలుపు తెరిచి గాలి మార్చాలి. వారానికోసారి తూచాలి. మొదటి బరువులో పదో వంతు తగ్గినా, పెట్టెలో మూత్రం కనబడినా అదే రోజు లేపేయాలి. పెద్దదైనా పది పన్నెండు వారాలకు మించి ఉంచదు. చిన్నవాటికి మూడు నాలుగు వారాలే.

లేపేటప్పుడు తొందర వద్దు. కొన్ని గంటలు గదిలో ఉంచి, తరువాత గోరువెచ్చటి నీళ్ళ స్నానం. ముందు నీళ్ళు తాగాలి. దీపం కిందకి చేరాక కొద్ది రోజుల్లో తినాలి. వారం గడిచినా తినకపోతే డాక్టరే.

మా అమ్మ ఒక ఏడాది అక్కడికి వెళ్ళి, కొత్తిమీర కోసం ఆ చిన్న ఫ్రిజ్ తెరిచింది. మట్టిలోంచి ఒక కాలు కనబడింది. ఆ అరుపు తిరుపతికి వినబడి ఉండాలి. ఇప్పుడు ఆ ఫ్రిజ్ మీద తెలుగులో "తెరవద్దు, తాబేలు నిద్రపోతోంది" అని అంటించి ఉంది.

ఇక మన దగ్గర, రథసప్తమి వచ్చేసరికి హీటరు ఆపి ఉంచినా పొద్దున ఐదింటి నీళ్ళే 24 చూపించడం మొదలవుతుంది. వరసగా వారం రోజులు అంకె దిగకపోతేనే హీటరు తీయండి, ఒక వెచ్చటి మధ్యాహ్నం చూసి తొందరపడకండి. చల్లారాక, సున్నం పట్టి ఉంటే నిమ్మచెక్కతో రుద్ది, పాత టవల్లో చుట్టి అటక మీద పెట్టండి. టవల్ మీద ఏ ఏడాది కొన్నదో చీటీ రాసి పిన్ను పెట్టండి. మేలో మళ్ళీ ఇదే తొట్టి 34 డిగ్రీలు చూపిస్తుంది, అప్పుడు థర్మోకోల్ తీసేసి, తొట్టిని ఆ కిటికీ కిందికే జరపాలి.